ఇనప మడి

ఆ రోజుల్లో చదువుకి ఒక చివర ఉండేది. ఎవరైనా సరే, ఎక్కడో ఒకచోట ఆగి, పంతులుద్యోగమో గుమాస్తా పనో చూసుకుని, పెళ్ళి చేసుకుని, ఆ తర్వాత పిల్లల్ని చదవమని తిట్టడం మొదలుపెట్టేవారు. ఫ్రెంచివాళ్ళ జెండా దిగి మన జెండా ఎగిరిన కొత్తలో, నేను డాక్టరేటు పుచ్చుకుని వచ్చి ఫరంపేటలో మా ఇంటి అరుగుమీద ట్రంకుపెట్టె దించేసరికి, నా చదువు ఆ చివర దాటి చాలా దూరం పోయిందని యానాం అంతా ఒప్పేసుకుంది. అంతటితో నోరు మూసుకుంటే బాగుండేది. "ఇంకా ఉంది, డాక్టరేటు అయ్యాక చేసే పరిశోధనకి ఫెలోషిప్పు వచ్చింది, నెలనెలా డబ్బిస్తారు" అని గొప్పగా చెప్పాను. చుట్టూ చేరినవాళ్ళ మొహాలు మారిపోయాయి. మా మామ్మ (నాన్నకి అమ్మ, చర్చిలో ముందు వరసలో కూర్చుని పాస్టరుగారు వచనం తప్పు చదివితే అక్కడికక్కడే దిద్దే మనిషి) నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"సదువైపోయాక సదువుకోడానికి డబ్బులిస్తన్నారంటే ఆళ్ళు మంచోళ్ళు కాదే అమ్మడూ. తరవాత ఏదో అడుగుతారు."

"ఏమీ అడగరు మామ్మా. లెక్కలు అడుగుతారు, అంతే."

"లెక్కలడుగుతారా! మరదే నే సెప్పేది."

నిజానికి నా పని చెప్పడం కష్టం కాదు, నమ్మించడం కష్టం. భూమి ఒక పెద్ద అయస్కాంతం. అందుకే దిక్సూచి ముల్లు ఉత్తరం చూస్తుంది. అయితే నిలకడగా చూడదు, పొద్దుట ఒక పిసరు ఇటూ మధ్యాహ్నం ఒక పిసరు అటూ కదులుతుంది. ఆ కదిలించేవాడు సూర్యుడు. ఆయన మొహాన మచ్చలు లేచిన రోజుల్లో మరీ వణుకుతుంది. పైన ఆయనకి తిక్కరేగితే ఇక్కడ నా పెట్టెలో ముల్లుకి జ్వరం వస్తుందన్నమాట. ఆ ఇద్దరి చుట్టరికం ఎంత దగ్గరదో కొలవడమే నా ఫెలోషిప్పు. కొలిచేందుకు ఒక ఇత్తడి పెట్టె ఇచ్చారు. లోపల పట్టుపోగు చివర వేలాడే చిన్న అయస్కాంతం, దానికి అతికించిన చిట్టి అద్దం. దీపం వెలుగు అద్దం మీద పడి, ఎదురుగా ఉన్న కొలబద్ద మీద చుక్కలా నిలుస్తుంది. అయస్కాంతం వెంట్రుకవాసి తిరిగితే చాలు, చుక్క బెత్తెడు జరుగుతుంది. అంత సుకుమారమైన పెట్టెకి లోకంలో గిట్టని వస్తువు ఒక్కటే, ఇనుము.

ఈ పెట్టెని యానాం తీసుకురావడానికి నేను మా ప్రొఫెసరుగారితో చేసిన యుద్ధం మామూలుది కాదు. ఆయన్ని విద్యార్థులు చాటుగా 'సవరణగారు' అనేవారు. ఏ అంకె చూపించినా "సవరణ వేశావా?" అని అడగడం ఆయన అలవాటు. (ఎండకి సవరణ, తేమకి సవరణ, దీపం వేడికి సవరణ. ఇంట్లో పులుసుకి కూడా వేస్తారని ఒక పుకారు.) పరికరం కాలేజీ ఆవరణలోనే ఉండాలని ఆయన పట్టు. "ఇక్కడ కరెంటు తీగలు, రైలు పట్టాలు, కిటికీకి ఇనుప ఊచలు. మా ఊళ్ళో ఇసుక, నీళ్ళు, కొబ్బరిచెట్లు. మీ సూర్యుడు అక్కడే శుభ్రంగా కనిపిస్తాడు సార్" అని నా పట్టు. చివరికి విసిగిపోయి, "సరే, ఒక ఏడాది. రెండో ఏడాది ఫెలోషిప్పు సంగతి నేను వచ్చి చూశాక" అన్నారు. ఒక్క ఏడాది లెక్కతో ఏదీ తేలదు. మొదటి ఏడాది కనిపించింది రెండో ఏడాది మళ్ళీ కనిపిస్తేనే అది సూర్యుడి పని, లేకపోతే నా పిచ్చి. పైగా రెండో ఏడాది రాకపోతే నాకోసం ఏం కాచుకుని ఉందో నాకు బాగా తెలుసు. మా పెదనాన్న కాకినాడలో ఒక ఆడపిల్లల బడిలో ఉద్యోగం, దాంతోపాటు ఒక పెళ్ళికొడుకునీ సిద్ధంగా ఉంచాడు. ఆ మహానుభావుడు "చదువు కాస్త ఎక్కువైనా ఫరవాలేదు, సర్దుకుంటాను" అన్నాడట. సర్దుకుంటాడట! ఆ ఒక్క మాటకే నేను ఇంకో పదేళ్ళు పరిశోధన చేయాలని నిశ్చయించుకున్నాను.

ప్రొఫెసరుగారి గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం, రెండు మాటలు చెప్పకపోతే అబద్ధం. కమిటీలో అందరూ "ఆడపిల్లకి ఫెలోషిప్పు దండగ" అంటే, "లెక్క తప్పని వాళ్ళు నాకు కావాలి, మగా ఆడా నాకెందుకు" అన్నది ఆయనే. అది నేను మరిచిపోను. ఆయన నా కాగితాలు ఏనాడూ నా చేతిలోంచి అందుకోలేదు, "బల్లమీద పెట్టమ్మా" అనేవారు. అదీ మరిచిపోను. డిపార్టుమెంటులో ఆయన మంచినీళ్ళ కూజా వేరు, దాన్ని ముట్టుకోదగ్గ బంట్రోతు వేరు. మా ముత్తాతలు చర్చిలో అడుగుపెట్టకముందు ఊరికి ఏ వైపున ఉండేవారో ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని నాకు తెలుసు. ఆ సంగతి ఇద్దరమూ ఎత్తేవాళ్ళం కాదు, బల్లే మా ఇద్దరి మధ్యా మాట్లాడేది.

కనకాలపేట అవతల, గోదావరి గట్టు దిగువన పాక వేయించాను. మేకు లేకుండా పాకేంటని వడ్రంగి నవ్వాడు గాని, నారతాళ్ళూ వెదురు చీలలూ ఇత్తడి బందులతో లక్షణంగా కట్టాడు. పాక చుట్టూ విశాలంగా ఒక సున్నపు గీత గీశాను. గీత లోపలికి ఇనుము రాకూడదు. సైకిళ్ళు కొబ్బరిచెట్టుకి ఆనించాలి, కొడవళ్ళు గట్టుమీద వదలాలి, మొలతాడుకి తాళంచెవి ఉంటే విప్పి పెట్టాలి, ఆడవాళ్ళు తలపిన్నులూ పిన్నీసులూ తీసి రావాలి. నా జాకెట్లకి హుక్కులు పీకి మా అమ్మచేత గుడ్డ తాళ్ళు కుట్టించుకున్నాను. ఈ వ్యవహారానికి ఊళ్ళో 'ఇనప మడి' అని పేరు పెట్టేశారు. కొట్టు పిన్నిగారైతే (మా వీధి మొదట్లో కిరాణా కొట్టు వాళ్ళ అమ్మగారు, మడి కట్టుకుంటే గాలి కూడా ఆవిడకి తగలకుండా చుట్టు తిరిగి పోవాలి) కోడల్ని వెంటబెట్టుకొచ్చి గీత బయట నిలబెట్టింది. "సూడవే, మడంటే ఇదీ! కిరస్తానపు పిల్లకున్న నిష్ఠ నీకుందా?" అంది. ఆ కోడలు నావైపు చూసిన చూపు నాకిప్పటికీ వీపుమీద గుచ్చుకుంటూనే ఉంది.

మామ్మకి మాత్రం ఆ పేరు నచ్చలేదు. ఒకరోజు గీత బయటే ఆగిపోయింది.

"అమ్మడూ, నా సిన్నప్పుడు పెద్దోళ్ళ గుమ్మం కాడ 'అమ్మా' అని కేకేసి అల్లంత దూరాన నిలబడేదాన్నే. మడి, దగ్గరికి రాకు అనేవోరు. మళ్ళీ నువ్వేసేవా గీత?"

"ఇది మనిషికి కాదు మామ్మా, ఇనుముకి. ఇనుము అక్కడ పెట్టేసి ఎవరైనా రావొచ్చు. నువ్వూ రావొచ్చు, గవర్నరూ రావొచ్చు."

మామ్మ గీతకేసి వంగి చూసింది. "అయితే ఇది మంచి మడే. వదిలేత్తే రానిత్తది. ఆ మడి ఏం వదిలినా రానిచ్చేది కాదు" అని, కొంగుకి కట్టుకున్న తాళాలగుత్తి విప్పి గడ్డిలో పెట్టి దర్జాగా లోపలికొచ్చింది.

అంతా బాగానే సాగుతోందనుకుంటే, ఆదివారాలు నా కొంప ముంచాయి. ప్రతి ఆదివారం పొద్దెక్కాక చుక్క ఉన్నట్టుండి ఒక పక్కకి పోయి కూర్చునేది, కాసేపటికి తనంతట తనే తిరిగొచ్చేది. నేను నిజాయితీగా ఆ అంకెలే పంపాను. జవాబుగా ప్రొఫెసరుగారు ఉత్తరం రాశారు. సూర్యుడు వారం వారం మీ చర్చికి వస్తున్నాడా అని అడిగారు. స్టేషను పనికిరాదని అనుమానంగా ఉంది, వచ్చి చూస్తాను, అవసరమైతే పరికరం నాతో తెచ్చేస్తాను అని కూడా రాశారు. ఆ ఆదివారం నేను చర్చి మానేసి (మామ్మ దగ్గర ఇంతకంటే పెద్ద నేరం లేదు) పాక చుట్టూ కాపలా తిరిగాను. ప్రార్థన ముగిశాక మామ్మ వచ్చింది. తాళాలు భక్తిగా గీత బయట పెట్టింది. లోపలికొచ్చి పాక నీడన చతికిలబడి, సరిగ్గా నా పెట్టె ఉన్న తడికకి తన నల్ల గొడుగు ఆనించింది.

"మామ్మా! గొడుగు!"

"గొడుగు గుడ్డ కదే."

"ఊచలు ఇనుము మామ్మా!"

మామ్మ గొడుగు విప్పి ఊచలకేసి కొత్తగా చూసింది. "ఓర్నాయనో! ఇన్నేళ్ళూ ఇనుము కింద నడిచేనన్నమాట."

సంగతంతా వివరంగా రాసి పంపాను. సవరణగారి జవాబు ఒకటే వాక్యం, గొడుగుకు సవరణ లేదు. ఆ వెనకే ఫలానా రోజు వస్తున్నానని తంతి. ఇంట్లో అందరూ చావుకబురు విన్నట్టు కూర్చున్నారు. పెదనాన్న ఒక్కడే హుషారుగా కాకినాడ బడి గురించి మాట్లాడుతున్నాడు. "రానీ, ఆయనొస్తే నాకేం భయమా?" అని నేను ఎగిరాను. చేతులు మాత్రం వణుకుతున్నాయి, అందుకని వెనక్కి పెట్టుకున్నాను.

ఆయన కాకినాడ నుంచి టాక్సీలో దిగారు. కోటు, పంచె, బూట్లు, ఒక చేతిలో నీళ్ళ కూజా, వెనక డ్రైవరు చేతిలో భోజనం క్యారియరు. మా నాన్న అరుగుమీద కొత్త చాప పరిచాడు. "టైము లేదు మాస్టారూ" అంటూ ఆయన వీధిలోంచే నమస్కారం పెట్టి పాకవైపు నడిచారు. అరుగుమీద చాప అలాగే ఉండిపోయింది. మా నాన్న దాన్ని చుట్టడం నేను చూశాను. అప్పటిదాకా నాలో ఉన్న భయం ఎటు పోయిందో తెలియదు, దాని స్థానంలో మంచి కోపం వచ్చి కూర్చుంది. నాకు కోపం వస్తే లెక్కలు బాగా వస్తాయి.

పాక దగ్గర గట్టుమీద సగం కనకాలపేట చేరింది. ఆయన సున్నపు గీత మీదుగా అడుగు వేయబోయారు.

"ఆగండి సార్" అన్నాను. "ఇనుము."

ఆయన ఆగారు. నా మాట మీద ఆయన ఆగడం అదే మొదటిసారి. వాచీ తీశారు, పెన్ను తీశారు, బూట్లకి అడుగున మేకులుంటాయి గనక బూట్లు తీశారు. బనీను మీదే తొడుక్కున్న ఆ కోటుకి కొక్కేలున్నాయంటే అదీ తీశారు. కూజా రాగిది కాబట్టి బతికిపోయింది గాని, క్యారియరుకి ఇనుప పట్టీ ఉండడంతో ఆయన భోజనం గట్టుమీదే కూర్చుంది. బనీనూ పంచెతో, వట్టికాళ్ళతో, ఆయన గీత దాటి లోపలికొచ్చారు. "పెద్దాయన్ని భలే వొలిసిందిరా" అని గట్టుమీద ఎవరో మెచ్చుకున్నారు.

లోపల ఆయన పెట్టె దగ్గరికి వంగారు. కొలబద్ద మీద చుక్క, అంతవరకూ బుద్ధిగా నిలబడ్డ చుక్క, మెల్లగా జరిగి పక్కకి పోయింది.

నా గుండె కూడా దాంతోపాటే జరిగింది.

"చూశావా?" అన్నారాయన. గొంతులో గెలిచిన సంతోషం లేదు, నిజంగా నొచ్చుకున్నారు. "నేలలో ఇనుము కలిసిన నల్ల ఇసుక ఉండి ఉంటుంది, అడుగేస్తే కదులుతోంది. ఇది స్టేషను కాదమ్మా. పరికరం సర్దుదాం." గుమ్మందాకా వెళ్ళి డ్రైవరుని పిలవబోయారు. నేను చుక్కనే చూస్తున్నాను. అది మెల్లగా తన చోటికి వచ్చేసింది. ఆయన మళ్ళీ లోపలికొచ్చారు. అది మళ్ళీ జరిగింది.

"సార్, మీ ఒంటిమీద ఇనుముంది."

"అన్నీ తీశాను కదమ్మా."

"ఇంకా ఉంది."

"నేను అబద్ధమాడుతున్నానంటావా?"

"మీరు ఆడటం లేదు సార్. చుక్క కూడా ఆడటం లేదు."

బయటనుంచి మామ్మ గొంతు వినిపించింది. "అయ్యగారూ, చెమటలోడుతున్నారు, బొండం కొట్టమంటారా? బొండానికి అంటు లేదండి." ఆవిడ అప్పటికే కత్తి పట్టుకుని గీత దాటబోతోందని నాకు తట్టింది. "మామ్మా, కత్తి బయటే!" అని అరిచాను. ఆ అరుపుకి ప్రొఫెసరుగారు ఉలిక్కిపడ్డారు. అదే ఊపులో ఆయనకి కూడా ఆజ్ఞలిచ్చేశాను. "సార్, ఎడమవైపు తిరగండి. ఇప్పుడు కుడివైపు. ఇంకొక అడుగు ముందుకి." వట్టికాళ్ళతో ఆయన తిరిగారు. ఆయన ఎటు తిరిగితే చుక్క అటు తిరిగింది. మూడోసారి తిరుగుతుండగా ఆయన మొహం పాలిపోయింది. చెయ్యి బనీనులోకి పోయింది. జంధ్యాన్ని పట్టుకుని పైకి లాగారు. దానికి ముడివేసి నల్లగా, పొడుగ్గా, ఇంటి పూజ బీరువా తాళంచెవి వేలాడుతోంది.

పెళ్ళయిన నాటినుంచీ అది అక్కడే ఉందట. స్నానంలో, నిద్రలో, క్లాసులో ఉంటూ ఉంటూ అది ఆయనకి ఒంటిలో భాగమైపోయింది, ఇనుమన్న సంగతే పోయింది. (మామ్మకి గొడుగు గుడ్డ అయినట్టు.) ఇద్దరం గీత బయటికి వచ్చాం. ఆయన ముడి విప్పబోయారు. నెలల తరబడి నీళ్ళలో నాని ఎండిన ముడి రాయిలా బిగుసుకుంది. కోద్దామంటే అది జంధ్యం. తీసి పక్కన పెడదామంటే ఆయన ప్రాణం ఒప్పదు. ఆయన వేళ్ళు జారిపోతున్నాయి, ఎండ మాడుతోంది, గట్టుమీద జనం మెడలు సాచి చూస్తున్నారు.

"నేను విప్పుతాను సార్" అన్నాను. "పెట్టెలో పట్టుపోగులకి ముడులు వేసేది ఈ వేళ్ళే."

ఆయన నా చేతులకేసి చూశారు. ఇలాంటప్పుడు ఆయన ఏమంటారో నాకు కంఠతా వచ్చు. కానీ అక్కడ గడ్డి ఉంది, ఇసుక ఉంది, గోదావరి ఉంది, బల్ల లేదు. ఆయన వెనక్కి తిరిగి టాక్సీ ఎక్కి, స్టేషను పనికిరాదని రాసేస్తే అడిగేవాడు లేడు. నా రెండో ఏడాది, నా సూర్యుడు, అన్నీ ఆ ముడిలో ఇరుక్కుని ఉన్నాయి. నేను మాత్రం చేతులు వెనక్కి పెట్టుకోలేదు. ఆయన వైపు చాచి అలాగే నిలబడ్డాను. అవి అప్పుడు వణకలేదు.

ఆయన జంధ్యాన్ని ముందుకి పట్టి, తల పక్కకి తిప్పుకున్నారు. నేను నింపాదిగా విప్పాను. అవసరమైనదానికంటే కొంచెం నింపాదిగానే విప్పాను. మామ్మ దోసిలి పట్టి, "ఇలాగియ్యండి బాబూ, కొంగున కట్టుకుంటాను, ఎక్కడికీ పోదు" అంది. ఆయన తాళంచెవిని పైనుంచి ఆవిడ దోసిట్లోకి జారవిడిచారు. అలవాటు అంత తేలిగ్గా పోదు కదా.

లోపల చుక్క నిలబడింది. నిలబడటమంటే, ఊపిరి బిగబట్టి నిలబడింది. ఆయన పెట్టెముందు నేలమీద చతికిలబడి, పొద్దు నడినెత్తికొచ్చేదాకా కదలలేదు. సూర్యుడు నడిచినకొద్దీ చుక్క రవ్వ రవ్వగా, నేను ఏడాదిపాటు రోజూ చూసినట్టే, తన దారిన తాను నడిచింది. పేటలో ఎవరి గొడుగూ, ఎవరి కత్తీ దాన్ని కదపలేదు. నేను అంకెలు చదివాను, ఆయన వింటూ తలూపారు. చాలాసేపటికి, "సవరణ అక్కర్లేదు" అన్నారు. ఆ నోట ఆ మాట విన్న విద్యార్థి నాకు ముందెవరూ లేరు. రెండో ఏడాది కాగితాలు పంపిస్తానని చెప్పి, బూట్లు తొడుక్కుని, చల్లారిన క్యారియరు తీసుకుని వెళ్ళిపోయారు. నేను పాక చుట్టూ ఒక ప్రదక్షిణం పరుగెత్తాను. (డాక్టరేటు ఉన్నవాళ్ళు అలా పరుగెత్తకూడదని మా అమ్మ అంది.)

పొద్దు వాలుతుండగా టాక్సీ మళ్ళీ వచ్చింది. దారిలో మధ్యాహ్నపు సంధ్య వార్చుకోడానికి ఏటి దగ్గర దిగితే, జంధ్యం తేలిగ్గా తగిలిందట. తాళంచెవి మామ్మ కొంగునే ఉండిపోయింది. అప్పటికి ఆ రోజు అంకెలన్నీ రాసేసి, మామ్మా నేనూ పాక గుమ్మంలో కూర్చుని ఉన్నాం. పరీక్ష అయిపోయింది, ఫెలోషిప్పు ఖాయమైంది, ఇక ఆయన్ని ఆపేవాళ్ళు లేరు. ఆయన నేరుగా నడిచొచ్చేయొచ్చు. రాలేదు. సున్నపు గీత దగ్గర ఆగారు. ఎవరూ చెప్పకుండానే వాచీ తీశారు, బూట్లు విప్పారు, పెన్నూ కోటూ గడ్డిమీద పెట్టారు. అల్లంత దూరాన నిలబడి,

"అమ్మా! నేను రావచ్చా?" అని కేకేశారు.

అంతదూరాన నిలబడి 'అమ్మా' అని పిలిచిన ఒక చిన్నపిల్ల మామ్మకి అప్పుడు గుర్తొచ్చిందని నాకు తెలుసు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత గొంతు సవరించుకుని, "ఆయ్, రండి బాబూ" అంది. "ఇనుము మీ కాడ లేదు కదా, నా కాడే ఉంది."

ఆయన వచ్చారు. అరచెయ్యి చాచారు. మామ్మ కొంగుముడి విప్పి తాళంచెవి ఆ చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

ఆ పాకని తర్వాతి గాలివాన ఎత్తుకుపోయింది. అప్పటికి నా రెండేళ్ళ లెక్కా పూర్తయి ఒడ్డెక్కింది. సర్దుకుంటానన్న పెళ్ళికొడుకు ఇంకెవరితోనో సర్దుకున్నాడు. మామ్మ పోయింది, సవరణగారూ పోయారు, నేను ఎన్నో పాకలూ మేడలూ తిరిగి రిటైరయ్యాను. జాకెట్లకి మాత్రం ఈనాటికీ హుక్కులు పెట్టించుకోను. "ఈ రోజుల్లో తాళ్ళేంటమ్మగారూ?" అని దర్జీ విసుక్కుంటాడు. "మడి" అంటాను. అతను నవ్వుతాడు, నేనూ నవ్వుతాను. ఇంటికొచ్చి అద్దం ముందు ఆ తాళ్ళు ముడివేసుకుంటున్నప్పుడు, వేళ్ళు ఇప్పుడు నిజంగానే వణుకుతుంటే, గోదావరి గట్టున చేతులు చాచి నిలబడ్డ ఆ పిల్ల కళ్ళముందుకొస్తుంది. అంత పొగరు దానికెక్కడినుంచి వచ్చిందో తెలియదు. ఇంకా కొంచెం మిగిలుంటే నాకివ్వవే అని అడగాలనిపిస్తుంది.